ఏడు గడపల వైద్యం

రావులమెరక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే జనానికి ఒక అలవాటుంది. ఏ జబ్బు కోసం వచ్చారో ఆ జబ్బు సంగతి కుర్చీలో కూర్చున్నంతసేపూ చచ్చినా చెప్పరు.

కూర్చోగానే మోకాళ్ళ గురించి చెబుతారు. మోకాళ్ళయ్యాక కోడలి గురించి, కోడలయ్యాక కొబ్బరిచెట్లకి పట్టిన తెల్లదోమ గురించి, ఆ తర్వాత డాక్టరుగారు ఈమధ్య చిక్కిపోయారన్న సంగతి గురించి చెబుతారు. మందుల చీటీ తీసుకుంటారు, నమస్కారం పెడతారు, లేస్తారు. ఒక కాలు గడప అవతల పడ్డాక, ద్వారబంధం మీద చెయ్యి వేసి, మెడ వెనక్కి తిప్పి, "అన్నట్టు డాక్టరుగారండీ..." అంటారు. అదిగో, అసలు జబ్బు బయటపడేది అప్పుడు.

పాలకేంద్రం గంగరాజు ఒకసారి తామరకి మందు రాసిమ్మని వచ్చి, పన్నెండు నిమిషాలు వేలి సందులు చూపించి, గడప దగ్గర ఆగి, "అన్నట్టండీ, పొద్దున్నించీ గుండెల మీద ఎవరో కూకున్నట్టుందండి, ఎడంచెయ్యి లాగేత్తంది" అన్నాడు. డాక్టర్ సుభాషిణి కుర్చీ తన్నుకుంటూ లేచి పరిగెత్తింది. గంగరాజు ఇప్పటికీ నిక్షేపంలా పాలు కొలుస్తున్నాడు.

ఆవిడ ఈ ఊరు వచ్చి ఆరేళ్ళయింది. మొదటి ఏడు ఈ మనుషులతో వేగలేక ఏడ్చినంత పనైంది. రెండో ఏడు కిటుకు అర్థమైంది. రోగి గడప దాటి నాలుగడుగులు వేసేదాకా పెన్నుకి మూత పెట్టేది కాదు. సూటిగా అడిగితే పోలేదా అంటారేమో, అడిగి చూసింది. "ఇంకేమైనా ఉందా?" అంటే "ఏం లేదండి, మీ దయ" అనేవారు. అడిగితే వెనక్కి పోయేవి ఆ జబ్బులు.

ఆ మాఘమాసంలో ఆవిడ కళ్ళన్నీ పల్లాలమ్మ మీద ఉన్నాయి. పల్లాలమ్మ కాలవగట్టున కొబ్బరిపీచు తాళ్ళు పేనుకునే మనిషి. యాభై దాటాయి. మూడు మంగళవారాలుగా వస్తోంది, మోకాళ్ళ నొప్పులంటోంది. మోకాళ్ళు చూస్తే గుర్రం మోకాళ్ళలా ఉన్నాయి. కానీ కుడిచెయ్యి ఒంటికి ఆనించుకుని నడుస్తోంది, కొంగు కుడివైపు రెండు మడతలు వేసి మరీ కప్పుకుంటోంది. మొదటి వారం గడప దగ్గర ఆగి చూసి వెళ్ళిపోయింది. రెండో వారం "అన్నట్టండీ" అని, "ఏం లేదులెండి" అంది. మూడో వారం "అన్నట్టు డాక్టరుగారండీ, ఇది సెప్పొచ్చో లేదో..." దాకా వచ్చి, "ఎల్లొత్తానండి" అని గబగబా మెట్లు దిగిపోయింది.

"వచ్చే మంగళవారం చెప్పేస్తుంది" అంది డాక్టరు, మందులిచ్చే పుల్లేశ్వరరావుతో. "ఆవిణ్ణి ఎవరూ తొందరపెట్టకండి. ఎంతసేపైనా సరే కూర్చోనివ్వండి."

"అలాగేనండి" అన్నాడు పుల్లేశ్వరరావు. పాపం ఆయనకి మాత్రం ఏం తెలుసు, సోమవారం నాడు ఇందుశేఖరంగారు దిగుతారని.

ఇందుశేఖరంగారు జిల్లా నాణ్యతా సామర్థ్య పెంపుదల విభాగానికి అధికారి. అంతకుముందు ఆయన రవాణా శాఖలో ఉండి ఒక కూడలిలో నాలుగు దీపాల బదులు పదకొండు దీపాలు పెట్టించిన మనిషి. మెడలో తాడుకి కట్టిన స్టాప్‌వాచీ, చంకలో లెక్కలు రాసే పలక, మొహాన గొప్ప ప్రశాంతత. వచ్చి, డాక్టరు గదిలో ఓ మూల కూర్చుని, రోజంతా ఊపిరి పీల్చిన చప్పుడైనా లేకుండా గడియారం నొక్కారు. సాయంత్రానికి లేచి గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, మీ కేంద్రంలో ఒక్కొక్క సంప్రదింపు సగటున పదకొండు నిమిషాలు జరుగుచున్నది. అందు ఉత్పాదక వాక్యము యొక్క ఆవిర్భావం పది నిమిషాల ఇరవై సెకన్ల వద్ద నమోదైనది."

"ఉత్పాదక వాక్యమంటే ఏంటండీ?"

"జబ్బు చెప్పే వాక్యం."

"అవునండీ, చివర్లోనే చెబుతారు. ఇక్కడి అలవాటది."

"అనగా మొదటి పది నిమిషాల ఇరవై సెకన్లు శుద్ధ వృథా" అన్నారు ఇందుశేఖరంగారు, చాలా జాలిగా. "ఇంతకాలం ఎవరూ గమనించకపోవడం విచారకరం. ఉత్పాదక వాక్యం గడప వద్దనే వెలువడుచున్నప్పుడు, మనం రోగిని గడప దాటించి లోనికి తీసుకురావడం దేనికి?"

ఇంతటి తెలివికి అప్పటికప్పుడు ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. రోగుల కుర్చీలు సామాన్ల గదిలోకి పోయాయి. డాక్టరుగారి బల్ల గుమ్మానికి అడ్డంగా వచ్చింది. గోడకి గడప విధానం నియమావళి అంటించారు. అందులో మూడో నియమం ఇదీ: "రోగి వైద్యాధికారికి వీపు చూపుచూ నిలబడి, కుడిచేతిని ద్వారబంధముపై నుంచి, మెడ మాత్రమే వెనుకకు త్రిప్పి, 'అన్నట్టు' అను పదముతో ప్రారంభించవలెను. నలుబది సెకన్లకు గంట మ్రోగును."

మొదటగా వచ్చిన ముసలాయన నియమావళి ప్రకారమే నిలబడ్డాడు. "అన్నట్టండీ, మోకాళ్ళు..." అన్నాడు. రెండు మోకాళ్ళూ పూర్తయ్యేసరికి గంట మోగింది. "ఇంకా కోడలి గురించి చెప్పలేదండీ" అన్నాడు. కోడలికి నియమావళిలో చోటు లేదన్నారు. సరేనని ముసలాయన బయటికి నడిచి, గేటు దాకా వెళ్ళి, గేటుకమ్మి పట్టుకుని, అక్కడ సైకిలు తుడుచుకుంటున్న వాచ్‌మన్‌తో "అన్నట్టు బాబూ, నాకు రెండ్రోజులుగా మూత్రంలో రక్తం పడతంది" అని చెప్పి ఇంటికి పోయాడు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి చెప్పబట్టి సరిపోయింది.

పదిరోజుల్లో మెడ తిప్పీ తిప్పీ ఊళ్ళో సగం మందికి మెడలు పట్టేశాయి. ఇందుశేఖరంగారు దాన్ని 'కొత్త వ్యాధుల గుర్తింపులో గణనీయ వృద్ధి' అని రాసుకుని మార్కులు వేశారు.

ఈలోగా మంచు పట్టి ఊరంతా జలుబులు మొదలయ్యాయి. గడపలో తుమ్మితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. బయల్దేరేవాడు ఆగాలి, కూర్చోవాలి, కాసిని మంచినీళ్ళు తాగాలి, అప్పుడు గానీ అడుగు పడకూడదు. ఆస్పత్రిలో అందరి పనీ గడపలోనే, అందరికీ జలుబే. బెల్లం కొట్టు వీర్రాజు గడపలో నిలబడి "అన్నట్టు" అనబోయి "హాఛ్" అన్నాడు. అంతే, వెనకాల ఉన్న ఇరవై ముగ్గురూ దబ్బున కింద కూలబడ్డారు. "నీళ్ళు, నీళ్ళు" అని కేక. పుల్లేశ్వరరావు బిందె పట్టుకుని పరిగెత్తాడు. అందరూ తాగి లేచేసరికి వీర్రాజు వెనకున్నావిడ తుమ్మింది. మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజు మధ్యాహ్నానికి నాలుగు బిందెలు ఖాళీ అయ్యాయి, తొమ్మిదిమందికి వైద్యం జరిగింది.

ఇందుశేఖరంగారికి ఫోను చేసి చెబితే ఆయన ఏమాత్రం కంగారుపడలేదు.

"దీనిని తుమ్ము జాప్యం అందాం" అన్నారు. "తుమ్ములు సంప్రదింపు ముగిసిన పిదప మాత్రమే అనుమతించబడునని బోర్డు పెట్టండి."

"తుమ్ము బోర్డు చదివి ఆగదు కదండీ."

"అట్టివారిని కిటికీ నుండి చూడండి. కిటికీకి గడప ఉండదు."

ఆనాటి నుంచి జలుబు ఉన్నవాళ్ళు తుమ్మచెట్టు పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చి కిటికీ చువ్వల్లోంచి ముక్కు చూపించేవారు. లోపల మామూలు రోగుల గడప దగ్గర మాత్రం ఇంకో గొడవ మొదలైంది. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఇచ్చిపుచ్చుకోకూడదు కదా! డాక్టరు చీటీ అందిస్తే ఏ ఒక్కరూ పుచ్చుకోరు. "మీరు ఇవతలికైనా రండి, మమ్మల్ని అవతలికైనా రానివ్వండి" అంటారు. రోజుకి డెబ్భైసార్లు డాక్టర్ సుభాషిణి బల్ల కిందనుంచి దూరి, గడప దాటి, చీటీ ఇచ్చి, మళ్ళీ దూరి లోపలికి వచ్చేది. ఆవిడ నడుము ఆవిడకి గుర్తొచ్చింది.

ఇంత జరుగుతున్నా ఆవిడ మనసంతా పల్లాలమ్మ మీదే. గడప విధానం మొదలైన రోజునే పల్లాలమ్మ వచ్చింది. వీపు చూపించి నిలబడింది. మెడ తిప్పింది. డాక్టరు మొహంలోకి చూసింది, తర్వాత తన వెనకాల వరసలో నిలబడ్డ నలభైమంది మొహాల్లోకి చూసింది.

"అన్నట్టండీ... మోకాళ్ళండి" అంది. గంట మోగింది. ఆ తర్వాతి మంగళవారం రాలేదు. ఆ పై మంగళవారం కూడా రాలేదు. డాక్టర్ సుభాషిణికి అన్నం సహించడం మానేసింది.

ఇటు చూస్తే ఇందుశేఖరంగారికి కొత్త ఆలోచన వచ్చింది. జబ్బులు ఆస్పత్రి గడప వదిలి గేటు దగ్గరికి వెళ్ళిపోతున్నాయని ఆయన పరిశీలనలో తేలింది.

"లోపం గడపలో లేదు మేడమ్, గడపల సంఖ్యలో ఉంది" అన్నారు. "రోగి ఒక గడప వద్ద చెప్పనిది తర్వాతి గడప వద్ద చెప్పుచున్నాడు. కావున రోగి బయటికి పోవు మార్గమున తగినన్ని గడపలు సమకూర్చుటయే మార్గాంతరం."

వడ్రంగులొచ్చారు. ఆస్పత్రి వరండా నుంచి గేటు దాకా, ఖాళీ ఆవరణలో, గోడల్లేవు, తలుపుల్లేవు, ఉత్త ద్వారబంధాలు ఏడు వరసగా పాతేశారు. ఒక్కొక్కదానికీ ఒక గడప, ఒక దీపం, ఒక గంట. ఒక్కో గడప దగ్గర ఏడు సెకన్లు. ఆశావర్కర్లని తలొక గడప దగ్గరా నిలబెట్టారు, రోగి నోట జారే మాట జారినట్టు రాసుకోవడానికి.

కొత్త గుమ్మాలు బోడిగా ఉంటే మన ఆడవాళ్ళు ఊరుకుంటారా? మొదటి శుక్రవారమే ఏడు గడపలకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మామిడాకులు కట్టారు. అంత చక్కగా పసుపు రాసిన గడపల్లో నిలబడి విరేచనాల గురించి మాట్లాడ్డానికి ఎవరికీ నోరు రాలేదు. జనం కళ్ళకద్దుకుని ఒకటొకటే గబగబా దాటేసి, గేటు బయట చెప్పులేసుకుని పోయేవారు. కొందరు ఏడూ దాటాక పిల్లల చేత కొబ్బరికాయ కూడా కొట్టించారు.

లెక్కలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. సగటు సంప్రదింపు నలభై ఏడు సెకన్లు. పైగా ఎవరూ ఏమీ చెప్పడం లేదు కాబట్టి మండలంలో జబ్బులు నూటికి ఎనభై వంతులు తగ్గిపోయాయి. రావులమెరక జిల్లాలో మొదటి ర్యాంకు కొట్టింది. 'రావులమెరక నమూనా' చూడ్డానికి పక్క జిల్లాల డాక్టర్లు జీపుల్లో దిగి ఫోటోలు తీసుకున్నారు. రాష్ట్ర బృందం బుధవారం వస్తుందని, డాక్టర్ సుభాషిణికి శాలువా కప్పుతారని కబురొచ్చింది.

ఆ కబురు వచ్చింది మంగళవారం. ఆ వారం కూడా పల్లాలమ్మ రాలేదు.

"ఆవిడ ఉందా, ఎక్కడికైనా వెళ్ళిందా?" అంది డాక్టరు.

"కాలవగట్టునే ఉందండి. పొద్దున్న చూశాను, ఎడంచేత్తో రాట్నం తిప్పుతోంది" అన్నాడు పుల్లేశ్వరరావు.

ఎడంచెయ్యి అనగానే ఆవిడకి ఒంటికి ఆనించుకున్న ఆ కుడిచెయ్యి గుర్తొచ్చింది. ఓపీ కాగానే స్కూటరు తీసి కాలవగట్టుకి వెళ్ళింది. పల్లాలమ్మ పీచు కుప్ప పక్కన కూర్చుని ఉంది. డాక్టర్ని చూసి కంగారుగా లేచి కొంగు సవరించుకుంది.

"అయ్యబాబోయ్, మీరొచ్చారేటండి! కబురెడితే నేనే వద్దును కదండి!"

"ఊరికే వచ్చాను పల్లాలమ్మగారూ. గడపలు చూసి చూసి విసుగొచ్చింది. కాసేపు కూర్చోనిస్తారా?"

"కూర్చోండి, కూర్చోండి. పీచు గుచ్చుకుంటాది, ఈ గోనె ఏత్తానుండండి."

డాక్టరు గోనె మీద కూర్చుంది. పల్లాలమ్మ మోకాళ్ళ గురించి చెప్పింది. కోడలు చేపల పులుసులో చింతపండు ఎక్కువ పోస్తుందని చెప్పింది, ఆ పోయడమెలాగో చేత్తో చూపించింది. తెల్లదోమ గురించి చెప్పింది. ఎప్పుడో ఇరవయ్యేళ్ళ కిందట తుఫానుకి ఇంటికప్పు లేచి పోయి కాలవ అవతల పడితే, అవతలివాళ్ళు దాని కింద వారం రోజులు కాపరం చేసిన సంగతి చెప్పింది. డాక్టర్ సుభాషిణి పడిపడి నవ్వింది. మధ్యలో టీ వచ్చింది. పీచు పాయలు అందిస్తూ కూర్చుంది. గడియారం వైపు చూడాలని చెయ్యి రెండుసార్లు పీకింది గానీ చూడలేదు. ఎండ కాలవ దాటింది.

"మరి వెళ్ళొస్తానండీ" అని లేచింది డాక్టరు. ఇంక ఏమీ చెప్పేట్టు లేదనుకుంది. ఏడుపొచ్చినంత పనైంది. చెప్పులేసుకుంది, స్కూటరెక్కింది, తాళం తిప్పింది. పల్లాలమ్మ వచ్చి స్కూటరు అద్దం పట్టుకుంది.

"అన్నట్టు డాక్టరుగారండీ."

డాక్టరు బండి ఆపేసింది.

"ఇక్కడండి" అంది పల్లాలమ్మ, కొంగు మీద కుడిపక్క చెయ్యి వేసుకుని, కాలవకేసి చూస్తూ. "ఉసిరికాయంత గడ్డండి. నెప్పేం లేదండి. నెప్పి లేని దానికి మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడమని..."

"ఎన్నాళ్ళయింది?"

"దీపావళెల్లిన కాడ్నించండి. ఆ కొత్త గడప కాడ సెప్పేద్దామనే వచ్చానండి. తీరా తిరిగి చూత్తే నా ఎనకాల మా వియ్యపురాలు నిలబడుందండి. ఆవిడ ముందు ఎలాగండి!"

ఇంట్లోకి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. చంకలో ఇంకోటి, చిన్నది, చేతికి తగిలింది. భయపడకండి, ఇప్పుడే వెళితే నయమవుతుంది, నేను కూడా వస్తాను అంది. పల్లాలమ్మ అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడవలేదట.

కాకినాడ పెద్దాసుపత్రికి పంపాలంటే కంప్యూటర్లో వివరాలు ఎక్కించాలి, అప్పుడే చీటీ వస్తుంది. డాక్టరు ఆస్పత్రికి తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. సంప్రదింపు సమయం: రెండు గంటల పది నిమిషాలు. నిరీక్షణ కాలం: రెండు గంటల తొమ్మిది నిమిషాలు. నిరీక్షించినవారు: డాక్టరు.

పది నిమిషాల్లో ఫోను మోగింది.

"మేడమ్, మీ కంప్యూటరు ఏదో చెడినట్టుంది" అన్నారు ఇందుశేఖరంగారు. "రెండు గంటలని పడింది."

"చెడలేదండి. రెండు గంటలే పట్టింది."

ఫోనులో కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"నిరీక్షించినవారు డాక్టరు అని పడింది. ఆ గడిలో రోగి మాత్రమే ఉండవలెను. డాక్టరు నిరీక్షించుటకు నిబంధనలలో అవకాశం లేదు."

"నిరీక్షించింది నేనేనండి మరి."

"మేడమ్, రేపు రాష్ట్ర బృందం వస్తోంది. పరిమితి దాటిన పద్దు ఒక్కటున్నా కేంద్రం ఆఖరి స్థానానికి పోవును. ఉత్పాదక వాక్యం ఆఖరి నలభై సెకన్లలో వచ్చింది కదా, ఆ నలభై సెకన్లే రాయండి. లేదా పద్దు తీసివేయండి, వచ్చే నెల మళ్ళీ పెట్టుకుందాం."

"పద్దు తీసేస్తే ఆవిడ చీటీ రద్దయిపోతుంది."

"నెల రోజులే కదా!"

డాక్టర్ సుభాషిణికి కోపం నషాళానికంటింది. "చూడండి ఇందుశేఖరంగారూ, ఆ రెండు గంటలూ లేకపోతే మీ నలభై సెకన్లు లేవు. నేను తియ్యను. మీ శాలువా ఎవరికి కప్పుకుంటారో కప్పుకోండి" అని ఫోను పెట్టేసింది. ఆరేళ్ళలో పై అధికారితో అలా మాట్లాడ్డం అదే మొదలు. "బాగా అన్నారండీ" అన్నాడు పుల్లేశ్వరరావు, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి.

బుధవారం రాష్ట్ర బృందం రాలేదు. రావులమెరక మొదటి స్థానం నుంచి ఆఖరి స్థానానికి పడింది. ఆఖరి స్థానంలో ఉన్న కేంద్రానికి ఆధునిక పరికరాలు ఉంచరాదని నిబంధన. అందుకని లారీ వచ్చి ఏడు ద్వారబంధాలూ పెకలించి, పసుపు కుంకుమలతో సహా పక్క మండలానికి పట్టుకుపోయింది. గంటలు కూడా విప్పుకుపోయారు. బల్ల దాని చోటికి అది వెళ్ళింది. కుర్చీలు సామాన్ల గదిలోంచి బయటికొచ్చాయి.

పల్లాలమ్మకి కాకినాడలో ఆపరేషను అయింది. డాక్టర్ సుభాషిణి సెలవు పెట్టి ఆ రెండు రోజులూ అక్కడే ఉంది. పల్లాలమ్మ కళ్ళు తెరవగానే పక్క మంచం ఆవిడతో చేపల పులుసు గురించి మొదలుపెట్టిందని నర్సులు చెప్పారు.

నెల తిరిగేసరికి ఇందుశేఖరంగారి దగ్గర్నుంచి మెమో వచ్చింది. రెండు గంటల పది నిమిషాల కాలవ్యయమునకు సంజాయిషీ కోరడమైనదని. డాక్టరు దానికి జవాబేమీ రాయలేదు. కాకినాడ సర్జనుగారు పంపిన ఉత్తరం నకలు మాత్రం జత చేసింది. అందులో "రోగి సకాలంలో వచ్చినందువల్ల పూర్తిగా కోలుకోగలదు" అని ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసింది.

వారం రోజులకి తిరుగు టపా వచ్చింది. పుల్లేశ్వరరావు కవరు చించుకుని డాక్టరు గదిలోకి వచ్చి పైకి చదివాడు.

"తమరు జతపరచిన లేఖ పరిశీలించడమైనది. అందు పేర్కొన్న 'సకాలము' అనగా ఎన్ని నిమిషములో, సెకన్లతో సహా మూడు దినములలోగా తెలియజేయవలసినదిగా కోరడమైనది."

చదివి, కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. గదిలో కుర్చీలో పడవ రేవు సత్తిబాబు కూర్చుని ఉన్నాడు. తన గేదె నిండు చూలుతో కాలవలో దిగి ఒడ్డుకి రానని మొరాయించిన కథ అప్పటికి ఎనిమిది నిమిషాలుగా చెబుతున్నాడు. మధ్యలో ఆపవలసి వచ్చిందని కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

"ఏం రాయమంటారండీ మేడమ్? మూడు రోజులే టైమిచ్చారు" అన్నాడు పుల్లేశ్వరరావు.

డాక్టర్ సుభాషిణి పెన్ను బల్ల మీద పెట్టింది. మూత మాత్రం పెట్టలేదు.

"ఉండండి" అంది. "ముందు ఈయన గేదెని ఈననివ్వండి."